నీళ్ల గీత దాకా ఎర్రమన్ను

హొన్నూరప్ప మెడ విషయంలో పోయినవేమిటో ముందు రాస్తాను. పదమూడు నెలల టిప్పర్ పని. ఎడమచేతి పట్టులో సగానికి మించి. మెడ ముందువైపు రెండంగుళాల కోత పెట్టి డాక్టర్లు తీసేసిన ఒక డిస్కు. ఆయన భార్య ఈరమ్మకు మా సెంటరు మీద ఉన్న గురి. నా మార్కర్ పెన్ను మీద నాకున్న నమ్మకం. మొత్తం ఐదు. వీటిలో నేను స్వయంగా కొలిచి చూడగలిగింది చేతి పట్టు ఒక్కటే. అదైనా, మిగతా నాలుగైనా ఎవరి ఖాతాలో రాయాలో ఇప్పటికీ తేలలేదు.

నేను బళ్లారిలో ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ సెంటరులో ఇరవై ఆరేళ్లు పని చేసి, ఈ ఏడు యాభై మూడో ఏట మానేశాను. చదివింది ఎస్సెస్సెల్సీ. ఫిజియోథెరపిస్టును కాను, సహాయకురాలిని. మొదట నేల తుడవడానికి చేరాను. ట్రాక్షన్ మంచం దగ్గర ఇనుప బిళ్లలు అందించేదాన్ని. ఎవరికి ఎన్ని బిళ్లలు వేస్తున్నారో ఊరికే లెక్కపెట్టుకునే అలవాటు ఉండేది. అది చూసి మా ఫిజియోథెరపిస్టు ప్రకాశ్ సారు నా చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చారు. అప్పటినుంచి మానేసే రోజు దాకా అలాంటి పుస్తకాలు పందొమ్మిది నింపాను. ఇప్పుడు ఆ సెంటరులో చేరిన ముగ్గురు అమ్మాయిలు పని ఎలా ఉంటుందో రాసిమ్మన్నారు. జీతం సంగతి, రిజిస్టర్ల సంగతి వాళ్లకు అక్కడే తెలుస్తుంది. నేను రాసేది నాకే పూర్తిగా అర్థం కానివాటి గురించి.

సంచీ, గీతా

మెడలో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తలాంటి డిస్కులుంటాయి. అవి పక్కకు ఉబ్బితే చేతిలోకి దిగే నరాన్ని నొక్కుతాయి. తలను మెల్లగా పైకి లాగితే ఎముకల మధ్య కాస్త ఎడం వచ్చి, నరానికి ఊపిరాడుతుందని ఈ వైద్యం. మా దగ్గరికి వచ్చేవాళ్లు దీన్ని మెడకు తూకం కట్టించుకోవడం అంటారు. సెంటరులో దానికి యంత్రం ఉంది. కానీ సండూరు వైపునుంచో, సిరుగుప్ప వైపునుంచో రోజూ బస్సెక్కి వచ్చి పదిహేను నిమిషాలు మెడ లాగించుకుని పోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ఇంట్లో చేసుకునే కిట్టు ఇస్తారు. తలుపు పైఅంచుకు తగిలించే ఇనుప కొక్కెం, దానికి గిలక, తాడు, గడ్డం కిందా తల వెనకా పట్టే పట్టీ, తాడు అవతలి కొసన నీళ్ల సంచి. కుర్చీ వేసుకుని తలుపు వైపు మొహం పెట్టి కూర్చోవాలి. సంచిలో ఎన్ని నీళ్లుంటే అంత లాగుడు.

ఎన్ని కిలోలో డాక్టరు చీటీలో రాస్తారు. ఆ సంచుల మీద అచ్చువేసిన గీతలు ఒకవైపు పౌండ్లలో, ఒకవైపు కిలోల్లో ఉండేవి, అవీ నాలుగు రోజులకే చెరిగిపోయేవి. జనం తికమక పడేవారు. అందుకని నేను లీటరు చెంబుతో నీళ్లు పోసి, తూకం చూసి, నల్ల మార్కర్‌తో ఒకే ఒక గీత గీసి ఇచ్చేదాన్ని. "ఈ గీత దాకా పొయ్యండి" అని చెప్పేదాన్ని. ఇలా కొన్ని వందల సంచులకు గీశాను. నా గీత ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు కూడా తప్పలేదనే అంటాను. అదే చిక్కు.

ఏ తలుపు?

దేశనూరు రైసు మిల్లు గుమాస్తా ఒకాయనకు మూడు కిలోలు రాశారు. ఐదోరోజు ఆయన తల తిప్పకుండా, మొత్తం ఒళ్లంతా తిప్పుకుంటూ వచ్చాడు. వెంట అత్తగారు.

"ఏమైందప్పా?" అన్నాను.

"మా అత్తనే అడుగక్కా" అన్నాడాయన.

ఆమె ఏమాత్రం తగ్గలేదు. "ఇంట్లో ఉండేది రెండు తలుపులు. ఒకటి ఈదిలోకి, ఒకటి బచ్చలింటికి, దొడ్డికి గూడ అదే. ఈదిలో వేలాడితే జనం చూస్తారని బచ్చలింటి తలుపుకు కట్టుకుండ్య. నాకా అర్జెంటు. ఇంకా ఏడు నిముషాలుండాది అత్తా అంటాడు. ఏడు నిముషాలు నీ మెడ తాళుతాదప్పా, నాకు తాళదు అని తలుపు నూకితి."

ప్రకాశ్ సారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ రోజు నా పుస్తకంలో ఒక గడి కొత్తగా గీశాను: ఏ తలుపు? బరువు, నిమిషాలు, రోజులు అన్నీ రాసిన నేను, ఆ తలుపు ఎవరెవరికి కావాలో అడగలేదు. ఇంట్లో చేసే వైద్యంలో ఇల్లంతా ఉంటుంది. చీటీలో మనిషి ఒక్కడే ఉంటాడు.

కిలో-నిమిషాలు

నాకు చదువు తక్కువ, లెక్క ఇష్టం. అది ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ భాగం.

నాలుగు కిలోలు పదిహేను నిమిషాలు లాగితే అరవై. ఐదు కిలోలు పన్నెండు నిమిషాలు లాగినా అరవై. దీనికి నేనే కిలో-నిమిషం అని పేరు పెట్టుకున్నాను. ఒక రోజుకు అరవై దాటకూడదని నా రూలు. ఎవరైనా "అక్కా, పదిహేను నిముషాలు కూసోను టైం లేదు" అంటే, బరువు కొంచెం పెంచి నిమిషాలు తగ్గించవచ్చు కదా అని నాకు నేనే అనుకునేదాన్ని. చాలా గొప్ప సంగతి కనిపెట్టాననుకుని ప్రకాశ్ సారుకు చూపించాను.

ఆయన కన్నడ మాట్లాడే మనిషి. తెలుగు మాతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నారు. పుస్తకం అంతా చూసి, "సరోజమ్మా, గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పది నిమిషాలు పెడతావు. మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు పెట్టు. గుణించి చూడు, లెక్క ఒకటే వస్తుందేమో. చెయ్యి ఒకటే ఉంటుందా?" అన్నారు.

సిగ్గుపడ్డాను. బరువు నా అంతట నేను ఎప్పుడూ మార్చలేదు, అది మాత్రం దేవుడి దయ. కానీ ఆ గడిని పుస్తకంలోంచి తీసెయ్యలేదు. అంకె చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. మంచి బాస్ మన తప్పు చూపించినా, మన అలవాటు చెవిలో దూది పెట్టుకుంటుంది.

గోడ కొలత

మెడ ముందుకు వాలి ఉండటం గురించి కూడా చెప్పాలి. మనిషిని గోడకు వీపు ఆనించి నిలబెట్టి, తల వెనకభాగానికీ గోడకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో నేను కొలిచేదాన్ని. ఫోను చూసే పిల్లలకు రెండు మూడు వేళ్లు. జీన్స్ కుట్టేవాళ్లకు, మిషను మీద వంగి వంగి, నాలుగు. లారీ డ్రైవర్లకు ఒక్కోసారి ఐదు. ఎన్ని వేళ్లుంటే అంత నొప్పి అనే లెక్క కుదరాలి కదా? కుదరలేదు. ఐదు వేళ్ల మనిషి హాయిగా సంచులు మోస్తాడు. ఒక వేలు మాత్రమే పట్టే టీచరమ్మ రాత్రంతా నిద్రలేదని ఏడుస్తుంది. ప్రకాశ్ సారును అడిగితే, "భంగిమ ఒక్కటే కారణం అయితే మనకు పని చాలా తేలిక" అన్నారు. మరెందుకు కొలవమంటారని అడిగాను. "మొన్నటికీ నేటికీ అదే మనిషిలో తేడా చూడటానికి. మనిషికీ మనిషికీ పోల్చడానికి కాదు" అన్నారు. ఇది నేను నేర్చుకున్న పనికొచ్చే విషయాల్లో ఒకటి. అయినా పోల్చకుండా ఉండటం నాకు చేతకాలేదు.

హొన్నూరప్ప

తారానగర్ మనిషి. వయసు నలభై నాలుగు, బరువు అరవై ఎనిమిది, గోడ దగ్గర నాలుగున్నర వేళ్లు. గనుల నుంచి ఖనిజం తోలే టిప్పర్ నడిపేవాడు. మెడ నుంచి ఎడమచేతి వేళ్ల దాకా జుమ్మని లాగుతుందని వచ్చాడు. అప్పటికి చేతిలో బలం తగ్గలేదు. మేము బలం చూసేదానికి రక్తపోటు చూసే పట్టీని చుట్టచుట్టి, కాస్త గాలి పట్టించి, పిడికిట్లో నొక్కమంటాం. ముల్లు ఎంత దూరం లేస్తే అంత పట్టు. కుడిచెయ్యి 220, ఎడమచెయ్యి 210. కుడిచేతివాటం మనిషికి అంత తేడా మామూలే.

డాక్టరు నాలుగు కిలోలు, పదిహేను నిమిషాలు రాశారు. నేను గీత గీశాను. "ఏ తలుపప్పా?" అని కూడా అడిగాను. "వంటింటిదక్కా, ఆ టైములో ఎవురూ రారు" అన్నాడు. అన్నీ సరిగ్గా అడిగాననుకున్నాను.

ఇరవయ్యో రోజు వచ్చాడు. మొహం వెలుగుతోంది. "అక్కా, చెయ్యి లాగేది శానా తక్కువాయ. నీ సంచి బలే పని చేస్తాండాది. మా క్లీనర్‌కు గూడ చెప్పినా." చేతి పట్టు అంతే ఉంది. నా పుస్తకంలో, "60 కి.ని. చాలా మంచిది" అని రాసి కింద గీత కొట్టాను. ఆ వారం బండ్రి నుంచి వచ్చిన ఒక రైతు భయపడుతుంటే, "తారానగర్ డ్రైవర్‌కు అరవైతోనే తగ్గింది" అని ధైర్యం చెప్పాను కూడా.

ముప్పై ఐదో రోజు ఈరమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఈయప్ప చేతిలోనుంచి చెంబు జారిపోతాండాది. నిన్న ఎత్తు మీద గేరు లాగల్యాక బండి నిలబెట్టేసినాడంట." గేరు మార్చేది ఎడమచేత్తోనే. వెంటనే రమ్మన్నాను. తూకం ఆపెయ్యమన్నాను. కిట్టు కూడా తెమ్మన్నాను. ఎందుకు తెమ్మన్నానో నాకే తెలియదు.

మధ్యాహ్నానికి వచ్చారు. ఎడమచేతి పట్టు 85. ప్రకాశ్ సారు మూడుసార్లు నొక్కించి చూశారు. ఆయన డాక్టరుకు ఫోన్ చేస్తుండగా ఈరమ్మ వైరు బుట్టలోంచి సంచి తీసి నేల మీద పెట్టింది. నీళ్ల సంచి కింద పెడితే అలా మోగదు.

"ఇదేంది ఈరమ్మా?"

"సంచేక్కా. మొదట్లోనే చిల్లు పడి నీళ్లు కారతాండ్య. రెండు దినాలు బకెట్టు పెట్టుకుంటిమి. మూడో దినం ఈయప్ప బండి టార్పాలు దులిపి ఆ మన్ను పోసినాడు. మన్ను కారదు కదా."

"ఎంత పోసినారు?"

"నీ గీత దాకానే. చిటికెడు గూడ జాస్తి లేదు. నేనే దగ్గరుండి చూస్తి."

తూకం వేశాను. తొమ్మిది కిలోల ఎనిమిది వందలు. సండూరు ఎర్రమన్ను అంటే సగం ఇనుమే. నాలుగు లీటర్ల చోటులో నీళ్లయితే నాలుగు కిలోలు, ఆ మన్నయితే దాదాపు పది. నా వేళ్లు నా ఇష్టం లేకుండానే గుణించాయి: తొమ్మిది పాయింటు ఎనిమిది, పదిహేను. నూట నలభై ఏడు.

నాకు కోపం వచ్చింది, భయం వల్ల వచ్చే కోపం. "ఏమప్పా హొన్నూరప్పా, ఇరవై ఏండ్లుగా ఖనిజం తోలేటోనివి. ఈ మన్ను ఎంత తూకముంటాదో నీకు తెల్దా? టిప్పర్ తొట్టి సగం గూడ నిండకముందే లోడు సరిపోతాదని నువ్వే కదా చెప్తివి?"

ఆయన తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. "బండి తూకం నాకు తెలుసక్కా. మెడ తూకం నీకు తెలుసనుకుంటి. లోడు టన్నుల్లో చెప్తే టన్నులు చూస్తాము. నువ్వు గీత చెప్పినావు. గీతంటే గీతే."

ఈరమ్మ కిందికి వంగింది. సంచిని మళ్లీ బుట్టలో పెట్టబోయింది. నేను వద్దన్నాను. "ఎందుకు, ఇంగొకరికిస్తావా?" అంది.

ఎవరిని అడిగినా

ఆపరేషన్ జరిగింది. ఆరో ఎముకకూ ఏడో ఎముకకూ మధ్య డిస్కు బయటికి తోసుకువచ్చిందట. నేను ధైర్యం చేసి సర్జన్ దగ్గరికి వెళ్లి సంచి సంగతి చెప్పాను. "అంత బరువు పెట్టకూడదు. కానీ దానివల్లే అని నేను చెప్పలేను. ఇరవై ఏళ్ల డ్రైవింగు. తుమ్మినా తోసుకొచ్చేదేమో" అన్నారు. ప్రకాశ్ సారు, "బరువు తప్పు. అందులో అనుమానం లేదు. కానీ మొదటి ఇరవై రోజులు నొప్పి తగ్గింది కదా, అదేమిటో నాకూ తెలియదు" అన్నారు.

నాకు ఇక్కడే అంతా కలగాపులగం అయిపోయింది. ఆ ఇరవై రోజుల మేలు దేనివల్ల? మొదటి రెండు రోజులే నాలుగు కిలోలు, అదీ కారుతూ, మిగతావన్నీ పది. మరి పది కిలోలే మేలు చేసిందా? చేసి, ఆ తరువాత చెడగొట్టిందా? లేక డిస్కు దాని దారిన అది పోతుంటే, మేలైనప్పుడు నా సంచికి పేరు, చెడినప్పుడు మన్నుకు నింద వచ్చాయా? పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు కిలోల నీళ్లతో, చెప్పింది చెప్పినట్టు చేసి, చెయ్యి మొద్దుబారి ఆపరేషన్‌కు పోయినవాళ్లు అందులో ఇద్దరు కనిపించారు. వాళ్ల సంచిలో మన్ను లేదు. లేదనే నేను అనుకుంటున్నాను. నేను చూడలేదు కదా. ఈ ఆలోచన వచ్చాక ఆ పుస్తకాల్లో ఏ అంకెనూ నమ్మలేకపోయాను. అవన్నీ నేను గీసిన గీతల లెక్క. ఇళ్లలో తలుపులకు వేలాడిన తూకాల లెక్క కాదు.

ఆ తరువాత నేను పనిచేసిన ఏడాదిలో పద్ధతి మార్చాను. గీత మాన్పించి, సంచికి చిన్న స్ప్రింగు కాటా కట్టించాం. వారం తరువాత ఎవరు వచ్చినా కిట్టు వెంట తెమ్మని, మా ముందే తలుపుకు కట్టి చూపించమనేదాన్ని. అలా చూస్తే తెలిసింది: ఒకరు పట్టీ గడ్డానికి మాత్రమే బిగించుకుంటున్నారు, ఒకరు తాడుకు వేలాడుతూనే ఒళ్లో ఫోను చూస్తున్నారు, ఒకామె సంచిని నేలకు ఆనించి కూర్చుంటోంది. ఆమె తూకం సున్నా. ఆమెకు కూడా నొప్పి తగ్గింది. రాసుకోండి, నాకేమీ చెప్పాలని లేదు.

కొత్త అమ్మాయిలకు ఒక్క మాట గట్టిగా చెబుతాను. నొప్పి తగ్గిందా అని అడగటంతో ఆగకండి. హొన్నూరప్పకు నొప్పి తగ్గుతూనే ఉంది, నవ్వుతూనే వచ్చాడు. చెయ్యి జారుతోందా, తల తిరుగుతోందా, నడకలో తడబాటు ఉందా అని ప్రతిసారీ అడగండి. ఒక్కటి ఔనన్నా తూకం ఆపించి డాక్టరు దగ్గరికి పంపండి. ఎందుకు అని నన్ను అడిగితే పూర్తి లెక్క నా దగ్గర లేదు. లేకపోయినా పంపండి.

నెలకొక ఆదివారం

హొన్నూరప్ప ఇప్పుడు ఖనిజం యార్డు గేటు దగ్గర బండ్ల నంబర్లు రాస్తున్నాడు. డ్రైవర్‌గా వచ్చే జీతంలో సగం రాదు. పిడికిలి వ్యాయామాలు ప్రకాశ్ సారు నేర్పించారు. టిప్పర్ ఓనరు ఒక మాట ఇచ్చాడు: బండ్రి దారిలో ఎత్తు మీద లోడు బండిని రెండో గేరుకు లాగి చూపిస్తే సీటు తిరిగి ఆయనదే. అందుకని ప్రతినెలా ఒక ఆదివారం మా ఇంటికి వస్తాడు. రక్తపోటు పట్టీ నేను సొంతానికి ఒకటి కొనిపెట్టుకున్నాను. 85 నుంచి 110, 130, 150, 160. అక్కడ ఆగింది. నాలుగు నెలలుగా 160.

పోయిన ఆదివారం ఈరమ్మ కూడా వచ్చింది, ఆపరేషన్ తరువాత మొదటిసారి. లోపలికి రానంది. గడప దగ్గరే నిలబడి చూసింది. ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు. మెడ నరాలు తేలాయి.

"ఎంతక్కా?"

"అంతే అప్పా. నూటరవై."

"సుమ్నే, ఊరికే ఒక పది కలిపి చెప్పరాదా? నీకేం ఖర్చా?"

"నేను కలిపితే గేరు పడుతాదా?"

నవ్వాడు. తరువాత చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంటూ, "ఎంతొస్తే పడుతాదక్కా గేరు? కరెక్టుగా చెప్పు" అన్నాడు.

నూట ఎనభైకే పడుతుందేమో. రెండు వందల పది వచ్చినా పడదేమో. రబ్బరు పట్టీని నొక్కడం వేరు, ఎత్తు మీద గేరు కడ్డీని లాగడం వేరు. "తెల్దప్పా" అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఒక రోగికి నేను ఆ మాట చెప్పడం అదే మొదలనుకుంటాను.

గడప దగ్గరనుంచి ఈరమ్మ అంది: "మన్ను పోసింది ఈయప్ప. దగ్గరుండి చూసింది నేను. గీత గీసింది నువ్వు. పోయినదాంట్లో ఎవురి పాలు ఎంతో, నీకు లెక్కలొస్తాయి కదా, నువ్వే చెప్పక్కా."

అది తిట్టో, నిజంగా అడిగిందో అర్థం కాలేదు. ఆమె మొహం చూసినా అర్థం కాలేదు. మూడుతో భాగించాను, రెండుతో భాగించాను, డిస్కుకు ఒక పాలు ఇచ్చి నాలుగుతో భాగించాను. ఏదీ సరిపోలేదు. వాళ్లు బస్సుకు వెళ్లాక పుస్తకం తీసి, ఎప్పటిలాగే తేదీ వేసి ఒక వరుస రాశాను:

ఉండాల్సింది 210. వచ్చింది 160. ఇంకా రావాల్సింది 50.